సీవీటీ కార్లలో దోషనిర్ధారణ: ‘జారుతోంది’ అన్న ఫిర్యాదును విడదీసే పద్ధతి

వ్యాససంగ్రహం:
గేర్లు మార్చకుండా నిష్పత్తిని ఎడతెగకుండా మార్చే సీవీటీ గేరుపెట్టె ఉన్న కార్లు తెలుగు పట్టణాలలో సాధారణమయ్యాయి. వాటి దోషాలను గుర్తించే తర్కం మాత్రం ఇంకా క్లచ్చి బండ్ల అనుభవం మీదే నడుస్తోంది. క్లచ్చి బండిలో దోషచిహ్నమైనది సీవీటీలో స్వభావం కావచ్చు. స్వభావంగా కనిపించేది దోషమూ కావచ్చు. ‘జారుతోంది’, ‘గుంజుతలేదు’ అన్న ఫిర్యాదుల వెనుక ఉండగల వేర్వేరు స్థితులను ఏ క్రమంలో విడదీయాలో వరంగల్ ప్రాంతపు వాతావరణాన్ని, వ్యవహారభాషను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: సీవీటీ, దోషనిర్ధారణ, పుల్లీ, ఉక్కు బెల్టు, నిష్పత్తి, వృత్తిపదాలు, వరంగల్.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో వృత్తిపదాల సేకరణకు గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లోను, చేనేత పదాలతో రెండో సంపుటం 1971లోను వెలువడ్డాయి. నాగలికి, మగ్గానికి దక్కిన ఆ శ్రద్ధ మోటారు షెడ్డుకు అంతగా దక్కలేదు. షెడ్డు భాషలో అరువు మాటలు ఎక్కువ కావడం దీనికి ఒక కారణం కావచ్చు. యంత్రభాగాల పేర్లు అరువు తెచ్చుకున్నవే అయినా, యంత్రానికి వచ్చిన బాధను చెప్పే మాటలు మాత్రం అచ్చ తెలుగువి: జారడం, గుంజడం, అదరడం, కుదపడం, కీచుమనడం, గుర్రుమనడం. దోషనిర్ధారణ మొదలయ్యేది ఈ క్రియాపదాల దగ్గరే.

బండి యజమాని షెడ్డుకు వచ్చి “అన్నా, ఇంజన్ ఉరుకుతంది గని బండి గుంజుతలేదు” అంటాడు. మామూలు గేర్ల కారు విషయంలో ఈ ఒక్క వాక్యం దాదాపు చాలు. క్లచ్చి ప్లేటు అరిగిందని అనుభవజ్ఞుడు ఊహిస్తాడు, తరచు ఆ ఊహ నిజమవుతుంది. సీవీటీ కారుకు అదే వాక్యాన్ని అదే అర్థంలో తీసుకుంటే లక్ష రూపాయలు దాటే గేరుపెట్టెను అనవసరంగా మార్పించే ప్రమాదం ఉంది. నిజంగా జారుతున్న బెల్టును ‘ఇది సీవీటీ గుణం’ అని తోసిపుచ్చితే, బాగుచేయదగిన గేరుపెట్టె కొద్దిరోజుల్లో బాగుచేయరానిదవుతుంది. రెండు తప్పులకూ మూలం ఒకటే: ఒక మాటకు ఒకే అర్థం ఉందనుకోవడం.

2. స్కూటరు నుండి కారు దాకా:
సీవీటీ తెలుగువారికి కొత్తది కాదు. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటరు, తరువాతి యాక్టివా ఈ సూత్రం మీదే నడిచాయి. అంటే హనుమకొండ చౌరస్తాలో ఆగిన బండ్లలో సగానికి సగం సీవీటీలే అనుకున్నా ఆశ్చర్యం లేదు. ఆ పేరుతో వాటిని ఎవరూ పిలవకపోవడమే తేడా. కార్లలో ఈ సూత్రాన్ని విజయవంతంగా వాడినది నెదర్లాండ్స్‌కు చెందిన డాఫ్ సంస్థ. హుబ్ వాన్ డోర్న్ రూపొందించిన రబ్బరు బెల్టు గేరుపెట్టెతో ఆ సంస్థ 1958లో డాఫ్ 600 కారును ప్రదర్శించింది. ఉక్కు బెల్టుతో 1987లో జపానులో సుబారు జస్టీ వచ్చింది. భారతీయ విపణిలో హోండా సిటీ, నిస్సాన్ మైక్రా, 2015లో వచ్చిన మారుతీ బాలెనో వంటి కార్లు దీన్ని మధ్యతరగతి ఇంటిముందుకు తెచ్చాయి.

సూత్రం సరళమైనది. ఎదురెదురు శంకువుల వంటి రెండు పళ్ళేలు కలిస్తే ఒక పుల్లీ. అలాంటివి రెండు. ఇంజను వైపు ఉన్నది మొదటి పుల్లీ, చక్రాల వైపు ఉన్నది రెండో పుల్లీ. ఒక పుల్లీ పళ్ళేలు దగ్గరైతే బెల్టు పైకి ఎక్కి పెద్ద వలయంలో తిరుగుతుంది. అదే సమయంలో రెండోదాని పళ్ళేలు దూరమై బెల్టు లోపలికి దిగుతుంది. ఈ ఎక్కుదిగుడుల వల్ల నిష్పత్తి మెట్లు మెట్లుగా కాక ఏటవాలుగా మారుతుంది.

స్కూటరు అనుభవం కారు దగ్గర దారి తప్పించేది ఇక్కడే. స్కూటరులో రబ్బరు బెల్టు పొడిగా తిరుగుతూ రెండో పుల్లీని లాగుతుంది. కార్లలో ఎక్కువగా వాడే ఉక్కు బెల్టు వందల కొద్దీ సన్నని ఉక్కు పలకలను ఉక్కు పట్టీల మీద గుచ్చిన దండ వంటిది. ఆ పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ శక్తిని మోస్తాయి, అంటే ఇది లాగే బెల్టు కాదు, తోసే బెల్టు. (గొలుసు వాడే సీవీటీలు మాత్రం లాగుతాయి.) ఉక్కు మీద ఉక్కు జారకుండా పట్టి ఉంచేవి రెండు: పళ్ళేలను నొక్కిపట్టే ఆయిల్ పీడనం, ఆ ఆయిల్‌కున్న ప్రత్యేకమైన ఘర్షణ గుణం. స్కూటరులో బెల్టు అరిగితే బెల్టు మారుస్తారు, పని ముగుస్తుంది. కారులో బెల్టు జారితే తప్పు బెల్టుది కాకపోవచ్చు. దాన్ని పట్టుకోవలసిన చెయ్యే బలహీనపడి ఉండవచ్చు.

3. స్వభావమా, దోషమా?
మొదట అడగవలసింది అది అసలు సీవీటీయేనా అని. వాడుకలో ‘ఆటోమేటిక్’ అన్న ఒక్క మాట కింద నాలుగు రకాల గేరుపెట్టెలు ఉన్నాయి. 2014లో సెలేరియోతో ప్రచారంలోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మామూలు గేరుపెట్టే, క్లచ్చి నొక్కే పని మాత్రం యంత్రం చేస్తుంది. అందులో ప్రతి గేరు మార్పుకూ తల ఊగడం సహజం. సీవీటీలో అలాంటి ఊపు సహజం కాదు. కారు పేరు, సంవత్సరం, గేరుపెట్టె మీది సంకేతం చూడకుండా లక్షణాల చర్చలోకి దిగడం వృథా.

సీవీటీ అని తేలిన తరువాత ‘ఇంజను ఉరుకుతోంది, బండి ఉరకడం లేదు’ అన్న ఫిర్యాదును తూచాలి. యాక్సిలరేటర్ గట్టిగా నొక్కగానే కంప్యూటరు ఇంజనును శక్తి ఎక్కువగా పుట్టే ఆర్‌పీఎంకు చేర్చి అక్కడే నిలిపి, నిష్పత్తిని మెల్లగా మారుస్తూ బండి వేగాన్ని పెంచుతుంది. చెవికి ఇంజను అరుపు ఒకే స్థాయిలో వినిపిస్తుంది, వేగం మాత్రం తరువాత అందుకుంటుంది. సాగదీసిన రబ్బరు బొందెలా తోచే ఈ ధోరణి సీవీటీ స్వభావం. దోషమైనప్పుడు ఆర్‌పీఎం నిలకడగా ఉండదు. ఒక్కసారి ఎగిరి, పడి, మళ్ళీ ఎగురుతుంది. యాక్సిలరేటర్ కదపకుండానే అలా జరుగుతుంది. నిలకడ ఉందా లేదా అన్నదే ఇక్కడ గీటురాయి. కనుక యజమానిని “జారుతోందా?” అని కాక, “కాలు కదపకుండా పట్టుకున్నప్పుడు ముల్లు ఆడుతోందా?” అని అడగడం మేలు. చల్లటి ఇంజనుతోనా, వేడెక్కాకనా, ఎత్తు ఎక్కేటప్పుడా, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడా అన్న ప్రశ్నలు తరువాత వస్తాయి. చోదకుడిని పక్కన కూర్చోబెట్టుకొని అతడు చెప్పిన పరిస్థితిలోనే బండిని నడిపి చూడడానికి ఏ స్కానరూ ప్రత్యామ్నాయం కాదు.

4. ఆయిల్:
పరీక్షలలో మొదటిది, చవకైనది, తరచు నిర్లక్ష్యానికి గురయ్యేది ఆయిల్ పరీక్ష. సీవీటీ ఆయిల్ మామూలు ఆటోమేటిక్ గేరు ఆయిల్ కాదు. ఉక్కుకూ ఉక్కుకూ మధ్య పట్టు ఇవ్వడం దాని విధి. నిస్సాన్ ఎన్ఎస్-3 అని, హోండా హెచ్‌సీఎఫ్-2 అని, టొయోటా ఎఫ్ఈ అని వేర్వేరు నిర్దేశాలు పెట్టడం వెనుక వ్యాపారం ఉంటే ఉండవచ్చు గాని, రసాయన కారణం కూడా ఉంది. ‘ఆటోమేటిక్ ఆయిలే కదా’ అని వేరే ఆయిల్ నింపిన బండిలో బెల్టు జారడం మొదలైతే ఆ జారుడుకు భాగాల అరుగుదలను నిందించలేం. అందుచేత చివరిసారి ఆయిల్ ఎప్పుడు, ఎక్కడ, ఏది పోశారన్నది బండి చరిత్రలో అత్యంత ముఖ్యమైన వాక్యం.

ఆయిల్ మట్టం చూడడానికి చాలా సీవీటీలలో పుల్ల ఉండదు. ఇంజను నడుస్తుండగా, ఆయిల్ ఒక నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు, అడుగునున్న బిరడా విప్పి, పొర్లే ధార సన్నబడి చుక్కలయ్యే స్థితిని మట్టంగా భావిస్తారు. కొన్ని నమూనాలలో ఆ ఉష్ణోగ్రత 35 నుండి 45 డిగ్రీల మధ్య ఉండాలని తయారీదారుల సూచన. ఇది వరంగల్ షెడ్డుకు చిన్న చిక్కు తెచ్చిపెడుతుంది. మే నెల మధ్యాహ్నం గాలి ఉష్ణోగ్రతే 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు ఇంజను నడుస్తుండగా ఆయిల్‌ను ఆ పరిధిలో నిలపడం కష్టం. వేడికి వ్యాకోచించిన ఆయిల్‌ను కొలిస్తే ఎక్కువున్నట్లు కనిపించి బయటికి పోతుంది, చల్లారాక తక్కువ పడుతుంది. ఈ కొలత ఎండాకాలంలో తెల్లవారుజామున చేయవలసిన పని.

పాన్ విప్పినప్పుడు అయస్కాంతాలకు అంటిన బూడిదరంగు మెత్తని ముద్ద సహజమైన అరుగుదల. గోటికి తగిలే రేకులు, మెరిసే తునకలు కనిపిస్తే బెల్టో, పుల్లీ ముఖమో, బేరింగో చెడినట్లే. అక్కడితో ఆయిల్ మార్పు అనే ఆశ వదులుకోవాలి. ఆయిల్ నల్లబడి కాలిన వాసన వేస్తుంటే క్లచ్చి పలకల వైపు చూపు మళ్ళించాలి.

5. కోడ్ ఒక ఫిర్యాదు మాత్రమే:
స్కానర్ తగిలించగానే వచ్చే సంకేతాన్ని తీర్పుగా చదవడం ఇప్పుడు బాగా పెరిగిన అలవాటు. పీ0700 అన్న కోడ్ చెప్పేది ఒక్కటే: గేరుపెట్టె కంప్యూటరులో మరో కోడ్ ఉంది, వెళ్ళి చూడు. పీ0730 నిష్పత్తి సరిగా లేదంటుంది, పీ0868 పీడనం తక్కువంటుంది, పీ0218 వేడి మితిమీరిందంటుంది. వీటిలో ఏదీ ఫలానా భాగం పాడైందని అనదు. ‘నిష్పత్తి సరిగా లేదు’ అన్న మాట బెల్టు జారినా పుడుతుంది, వేగాన్ని కొలిచే సెన్సార్ అబద్ధమాడినా పుడుతుంది. యజమాని చెప్పిన ‘గుంజుతలేదు’కు, యంత్రం చెప్పిన పీ0730కి ప్రమాణంగా ఉన్న విలువ సమానం. రెండూ ఫిర్యాదులే, రెండింటినీ విచారించాలి.

కోడ్‌తో పాటు అది పుట్టిన క్షణంలోని వేగం, ఆర్‌పీఎం, ఆయిల్ ఉష్ణోగ్రత, యాక్సిలరేటర్ స్థితి కంప్యూటరులో నిలిచి ఉంటాయి. వాటిని రాసుకోకుండా ముందుగా కోడ్ చెరిపి ‘మళ్ళీ వస్తే చూద్దాం’ అనడం సాక్ష్యాన్ని తగలబెట్టడమే. అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే షెడ్డు అలవాటు ఇదే కావచ్చు, ఎందుకంటే కోడ్ పోగానే బండి కొంతసేపు బాగైనట్లు అనిపిస్తుంది.

6. జారుడు ఎక్కడ?
ఇంజను నుండి చక్రం వరకు శక్తి ప్రయాణించే దారిలో సాధారణంగా నాలుగు లంకెలుంటాయి: టార్క్ కన్వర్టర్, ముందుకు నడిపే క్లచ్చి, బెల్టు-పుల్లీల జంట, చివరి గేర్లు. ‘జారుతోంది’ అన్న మాటకు మొదటి మూడు లంకెలలో ఏదైనా అర్థం కావచ్చు. నాలుగోది పళ్ళతో బిగిసిన లంకె, జారదు. ఆయా లంకెలకు అటూ ఇటూ ఉన్న వేగాలను స్కానర్‌లో ఒకేసారి చూడగలిగితే, ఏ లంకె దగ్గర లెక్క తప్పుతోందో అక్కడే దోషం ఉంది. కొన్ని పాత నమూనాలలో కదిలించే క్లచ్చి రెండో పుల్లీ తరువాత ఉంటుంది, అప్పుడు ఈ వరుస మారుతుంది. కనుక ముందు ఆ గేరుపెట్టె చిత్రం దగ్గరుండాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. టైరు చుట్టుకొలత 1.88 మీటర్లు, చివరి గేరు నిష్పత్తి 5.5 అనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి నిమిషానికి 1,000 మీటర్లు పోతుంది. చక్రం నిమిషానికి 532 చుట్లు, రెండో పుల్లీ దాదాపు 2,925 చుట్లు తిరగాలి. మొదటి పుల్లీ 1,900 చుట్లు తిరుగుతుంటే నిష్పత్తి 0.65. కంప్యూటరు కోరిన నిష్పత్తి కూడా 0.65 అయితే బెల్టు నిజాయితీగా పనిచేస్తున్నట్లే.

అదే క్షణంలో లాకప్ పడి ఉన్నా ఇంజను 2,400 చూపిస్తే? ఇంజనుకూ మొదటి పుల్లీకీ మధ్య 500 చుట్లు ఎక్కడో పోతున్నాయి. తప్పు బెల్టుది కాదు. కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్చిదో, ముందుకు నడిపే క్లచ్చిదో. ఆ రెండింటి మధ్య టర్బైన్ వేగపు సెన్సార్ ఉన్న నమూనాలలో ఆ సందేహమూ తీరుతుంది. ఇంజను, మొదటి పుల్లీ సమానంగానే ఉండి, కోరిన నిష్పత్తి 0.65 కాగా అసలు నిష్పత్తి 0.80కి ఎగిరి పడుతుంటే, అప్పుడు మాత్రమే ‘బెల్టు జారుతోంది’ అన్న వాక్యానికి అర్హత వస్తుంది.

అప్పుడు కూడా మరో ప్రశ్న మిగులుతుంది: పీడనం సంగతేమిటి? కోరిన పీడనానికీ అందిన పీడనానికీ పొంతన లేకపోతే పంపు, వడపోత జల్లెడ, వాల్వ్ బాడీ, సోలినాయిడ్ వరుసగా అనుమానితులు. వీటిలో కొన్ని గేరుపెట్టె దించకుండానే సరిచేయదగినవి. పీడనం సరిగా అందుతున్నా జారుతుంటే పుల్లీ ముఖం గీరుకుపోయింది, లేదా పోసిన ఆయిల్ సరైనది కాదు. గీతలు పడిన పుల్లీకి కొత్త బెల్టు వేస్తే ఆ బెల్టూ అదే దారి పడుతుంది.

సెన్సార్ అబద్ధాన్ని పట్టడానికి భౌతికశాస్త్రమే సాయం. 2,925 చుట్లు తిరుగుతున్న రెండో పుల్లీ అరసెకనులో సున్నాకు పడి మళ్ళీ పైకి లేచినట్లు గ్రాఫ్ చూపితే, అంత బరువైన ఉక్కు అలా ఆగి తిరగలేదు. ఎలుక కొరికిన తీగనో, తుప్పు పట్టిన కనెక్టరునో వెతకాలి. కొన్ని వందల రూపాయల తీగకు గేరుపెట్టె బలి కావలసిన పని లేదు.

వేడి విషయం వేరుగా చెప్పుకోవాలి. హైదరాబాదు నుండి వరంగల్ దాకా జాతీయ రహదారి 163 మీద మే నెలలో నిండు మనుషులతో, ఏసీతో గంటల తరబడి వేగంగా నడిచిన బండి ఉన్నట్టుండి మెత్తబడితే, అది గేరుపెట్టె తనను తాను కాపాడుకోవడం కావచ్చు. ఆయిల్ ఉష్ణోగ్రత హద్దు దాటగానే కంప్యూటరు ఇంజను శక్తిని తగ్గిస్తుంది. అరగంట ఆగితే మళ్ళీ మామూలవుతుంది. ‘గుంజుతలేదు’ అన్న మాటకు ఇది ఇంకో అర్థం. ఇక్కడ విప్పవలసింది గేరుపెట్టెను కాదు, దుమ్ముతో పూడిన రేడియేటర్‌ను, కూలర్‌ను.

7. అదురు, సప్పుడు:
తెలంగాణ వ్యవహారంలో చప్పుడు ‘సప్పుడు’. దాని రకాన్ని చెప్పడానికి తెలుగులో ధ్వన్యనుకరణ పదాలకు కొదవ లేదు. సన్నగా సాగే ‘గుయ్’ ఒకటి, గరుకైన ‘గరగర’ ఒకటి. రెండూ బేరింగు నుండే రావచ్చు గాని, ఏ బేరింగు అన్నది మాటతో తేలదు. బండి వేగాన్ని 50 దగ్గర నిలిపి, మాన్యువల్ మోడ్‌లో నిష్పత్తి మార్చి చూడాలి. ఇంజను ఆర్‌పీఎంతో పాటు శ్రుతి మారితే మొదటి పుల్లీ వైపు. వేగం మారనంతవరకు శ్రుతి మారకపోతే రెండో పుల్లీ, చివరి గేర్లు, లేదా గేరుపెట్టెకు సంబంధమే లేని చక్రపు బేరింగు. ఈ చివరి అవకాశాన్ని మరిచిపోవడం వల్ల జరిగే ఖర్చు తక్కువ కాదు.

తక్కువ వేగంలో, గతుకుల రోడ్డు మీద పోతున్నట్లు వచ్చే అదురుకు తండ్రులు చాలామంది. లాకప్ క్లచ్చి అదురుతోందా అని తెలుసుకోవడానికి సులువైన ఉపాయం ఉంది: అదురు వస్తున్నప్పుడు యాక్సిలరేటర్ తీయకుండా ఎడమకాలితో బ్రేకు పెడల్‌ను దీపం వెలిగేంత మాత్రమే తాకితే లాకప్ విడిపోతుంది. (ఖాళీ రోడ్డు మీద చేయవలసిన పరీక్ష ఇది.) అదురు ఆగితే దోషం అక్కడే. ఆగకపోతే ఇంజనులో ఏదో సిలిండరు సరిగా మండడం లేదేమో చూడాలి. చెడిన ఇగ్నిషన్ కాయిల్ ఇచ్చే కుదుపు సీవీటీ కుదుపును అచ్చంగా అనుకరిస్తుంది.

8. మునిగిన బండి:
2020 ఆగస్టులోను, 2023 జూలై చివరలోను కురిసిన వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీలలో ఇళ్ళముందు నిలిపిన కార్లు నీట మునిగాయి. ఇటువంటి బండ్ల విషయంలో పై క్రమమంతా తలకిందులవుతుంది. లక్షణం కోసం ఎదురుచూడకూడదు, ఎందుకంటే లక్షణం కనిపించేసరికి ఆలస్యమై ఉంటుంది. గేరుపెట్టె లోపలి గాలి వేడికి వ్యాకోచించినప్పుడు బయటికి పోవడానికి పైన చిన్న గాలిరంధ్రం ఉంటుంది. నీటిమట్టం దానిని దాటితే నీరు లోపలికి పోతుంది. నడిచి వచ్చిన వేడి బండి చల్లటి నీటిలో ఆగిందా, లోపలి గాలి సంకోచించి నీటిని పీల్చుకుంటుంది.

నీరు కలిసిన ఆయిల్ పాలు కలిపినట్లు తెల్లబడుతుంది. నీరు కొద్దిగానే కలిస్తే రంగుతో తెలియకపోవచ్చు. వేడి ఇనుప రేకు మీద ఒక చుక్క వేస్తే చిటపటమంటుంది, శుభ్రమైన ఆయిల్ మౌనంగా పొగలు కక్కుతుంది. క్లచ్చి పలకల మీద ఉండే కాగితం వంటి పూత నీటికి ఉబ్బి, జిగురు వదిలి, ముక్కలై వాల్వ్ బాడీ సన్నని దారులలో ఇరుక్కుంటుంది. కనుక ఇంజను మీట తిప్పకముందే, గేరును కదపకముందే పరీక్ష జరగాలి. బండిని తోసుకుపోవడం కాదు, చక్రాలు పైకెత్తి తరలించాలి. ఒక్కసారి ఆయిల్ దించితే లోపలి నీరంతా పోదు. కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాలలో చాలా భాగం మిగిలే ఉంటుంది. కొత్త ఆయిల్ నింపి, చక్రాలు లేపి కొద్దిసేపు మెల్లగా తిప్పి, మళ్ళీ దించి, చుక్క పరీక్షలో మౌనం వచ్చేదాకా ఈ పని కొనసాగించాలి. ఇంజను నడిపి రోజులు గడిచిన తరువాత వచ్చిన బండికి మాత్రం ఆయిల్ మార్పు సరిపోదు. పాన్ విప్పి, జల్లెడలో పూత ముక్కలున్నాయో లేదో చూసిన తరువాతే ఖర్చు మాట ఎత్తాలి.